ఎడమ కిడ్నీ, మూడో ప్రమాద హెచ్చరిక

జకర్యా అబద్ధాలు చెప్పడం మానేశాడని ఇంట్లో మొదట కనిపెట్టింది కోడలు బ్లెస్సీ.

దుమ్ముగూడెంలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. జకర్యా గోదావరి మీద గేజి రీడరు. ఏటి ఒడ్డున అడుగుల గీతలు గీసిన స్తంభాలు వరసగా నీళ్లలోకి దిగి ఉంటాయి. నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో చూడాలి, పుస్తకంలో రాయాలి, వైర్‌లెస్ సెట్టులో భద్రాచలానికి చెప్పాలి. ముప్పై నాలుగేళ్లుగా అతని బతుకు ఇదే. ఆ అంకెలో మాత్రం వెంట్రుకవాసి తేడా రానివ్వడు. మిగతా విషయాల్లో అతని నోటికి, నిజానికి ఎన్నడూ పొత్తు కుదరలేదు.

ఎనభై ఆరు వరదలో ఒక ముసలి మొసలి గేజి స్తంభాన్ని కావలించుకుని "ఇంకెంత వస్తది జకర్యా?" అని ఏడ్చిందని చెబుతాడు. బైబిల్లో లోకాన్ని ముంచిన మొట్టమొదటి వరదలో ఓడ పక్కన నిలబడి లోతు కొలిచింది తన ముత్తాతేనని, లేకపోతే ఎన్ని మూరలు ఎక్కిందో పెద్దలకు ఎట్లా తెలిసిందని పాస్టరుగారినే నిలదీశాడు. పాస్టరుగారు ఆ ఆదివారం ప్రసంగం రెండు నిమిషాలు మరిచిపోయారు. బ్లెస్సీది కల్లూరు. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు సుకుమార్ తల ఎత్తలేదు, నోరు విప్పలేదు. "మామయ్య ఆడిన అబద్ధాలకే నేను ఒప్పుకున్న" అని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

అటువంటి మనిషి మే నెలాఖరున ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, "ఎండ బాగా ఉన్నది" అన్నాడు.

బ్లెస్సీ కూర వడ్డిస్తూ కాసేపు ఆగింది. ఎండకు ఏటి ఒడ్డున చేపలు వాటంతటవే వేగిపోయాయనో, సూర్యుడు దాహానికి తమ కుండ దగ్గరకు వచ్చాడనో తర్వాతి మాట వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఎండ నిజంగానే బాగా ఉంది. ఆయన నిజమే చెప్పాడు. ఆమెకు గుండె జారిపోయింది.

దానికి కారణం అంతకు మూడు వారాల ముందటిది. ఐదో నెలలో తీసే పెద్ద స్కాను కోసం బ్లెస్సీని భద్రాచలంలో ఒక క్రైస్తవ మిషన్ దవాఖానాకు తీసుకుపోయారు. సుకుమార్‌కు మణుగూరు బొగ్గు గనుల్లో షిఫ్టు పడింది, అందుకని జకర్యా, అతని భార్య ముత్యాలమ్మ వెంట వెళ్లారు. డాక్టర్ ఫ్లోరెన్స్ స్కాను తీసి, ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడింది.

"బిడ్డ తల బాగుంది. గుండె బాగుంది. వెన్నుపూస బాగుంది. ఎడమ కిడ్నీలో మాత్రం కొంచెం నీరు నిలిచినట్టు కనిపిస్తోంది. ఐదు మిల్లీమీటర్లు. చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది."

ముత్యాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జకర్యా ముందుకు జరిగాడు.

"డేంజర్ లెవల్ ఎంత మేడమ్?"

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "ఇదేమన్నా వరదా పెద్దాయనా? ఈ నెలలో నాలుగు దాటితే రాసి పెడతాం. ఏడో నెల తర్వాత ఏడు దాటితే గమనిస్తాం. పది దాటితే ఇంకొంచెం జాగ్రత్తపడతాం. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. లోపల బిడ్డ ఉచ్చ పోసే ముందు కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, పోశాక కొలిస్తే తక్కువ చూపిస్తుంది. ఒక్క కొలత పట్టుకుని కంగారుపడొద్దు. ఎనిమిదో నెలలో ఇక్కడికే తీసుకురండి, నేనే చూస్తాను."

ఆ మాటల్లో జకర్యా చెవిలో నిలిచినవి మూడు అంకెలు. నాలుగు, ఏడు, పది. భద్రాచలం దగ్గర గోదావరికి నలభై మూడు, నలభై ఎనిమిది, యాభై మూడు అడుగులు ఎట్లాగో ఇదీ అట్లాగే. మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది. ఇంకా లోకం చూడని ఆ బిడ్డ అప్పుడే మొదటి హెచ్చరిక దాటేసింది.

"అయితే మల్ల చూసేది ఎన్ని రోజులకు?"

"పన్నెండు వారాలకు."

పన్నెండు వారాలు! వాన చుక్క లేని ఎండాకాలంలో కూడా అతను రోజుకు మూడుసార్లు ఏటిని చూసి వస్తాడు. నీళ్లు పెరిగితే గంటగంటకూ చూస్తాడు. హెచ్చరిక దాటిన నీటిని పన్నెండు వారాలు చూడకుండా వదిలెయ్యమని అంత చదువుకున్న మనిషి ఎట్లా చెప్పగలిగింది?

జకర్యా తండ్రి కూడా గేజి రీడరే. ఎనభై ఆరులో ఫోను తీగలు తెగిపోయాయి. చెప్పడానికి దారే లేనప్పుడు చూసి ఏం లాభమని ఆయన ఒక్క పూట రీడింగు వదిలేసి ఇంటికొచ్చి నడుం వాల్చాడు. ఆ పూటలోనే నీళ్లు ఏడడుగులు ఎక్కి వాళ్ల గల్లీలోకి వచ్చాయి. ప్రాణాలు దక్కాయి. ఇల్లు పోయింది, నాలుగు మేకలు పోయాయి, తల్లి కుట్టుమిషను పోయింది. ఆ తర్వాత ఆయన పదహారేళ్లు బతికాడు. పోయే ముందు రోజు కూడా మంచం మీంచి "ఎంతున్నది రా?" అని అడిగాడు. ఆ కథ ఒక్కటే జకర్యా ఎన్నడూ పెంచి చెప్పలేదు. అసలు ఎవరికీ చెప్పనే లేదు.

జూన్ మొదట్లో ఒక పొద్దున బ్లెస్సీ తయారై బయటికొచ్చేసరికి ఆయన గొడుగు పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు. "మణుగూరు పోయొద్దాం బిడ్డా. ఒక్కపాలి చూపిచ్చుకుందాం."

"డాక్టరమ్మ ఎనిమిదో నెల అన్నది గదా మామయ్యా."

"అన్నది."

అంతే. ఇంకో మాట లేదు. బతిమాలితే కాదనేదేమో. కథ చెబితే నవ్వి ఊరుకునేదేమో. ఆ మౌనం చూసి ఆమెకు కూడా భయం పట్టుకుంది. చెప్పులు వేసుకుని వెంట నడిచింది.

మణుగూరులో ఆరు వచ్చింది. రెండు వారాలకు కొత్తగూడెంలో ఇంకొక చోట నాలుగున్నర వచ్చింది. ఎవరి మిషను మీద వాళ్లకు కనిపించింది వాళ్లు రాసిచ్చారు, అందులో ఎవరి తప్పూ లేదు. జకర్యా తన గేజి పుస్తకం చివరి పేజీలో గళ్లు గీశాడు. తేదీ, టైము, స్టేషను, రీడింగు, ట్రెండు. ఏటికి రాసినట్టే ట్రెండు గడిలో పెరిగితే ఆర్, తగ్గితే ఎఫ్, నిలకడగా ఉంటే ఎస్. నాలుగున్నర వచ్చిన రోజు ఎఫ్ అని రాసి, ఇంటికొచ్చాక రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. బ్లెస్సీ ఆశగా చూసింది. అబద్ధం మాత్రం రాలేదు.

ముత్యాలమ్మ శుక్రవారాలు ఉపవాసం పట్టింది. సంఘంలో స్త్రీలంతా బ్లెస్సీ కోసం ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో ఎడమ కిడ్నీ కాస్తా రెండు కిడ్నీలైంది. ఇంటికొచ్చి పలకరించే వాళ్లు పొట్ట వంక చూసి నిట్టూర్చేవారు. సుకుమార్ మణుగూరు నుంచి ఫోను చేసి అరిచాడు. "నాయినా, గది గోదారా ఏంది, పొద్దుమాపు కొలుసుడు? నువ్వూ అమ్మా కలిసి నన్ను పిచ్చోన్ని చేస్తున్నరు. బ్లెస్సీ రాత్రిళ్లు నిద్రపోతలేదంట."

"చూడకపోతే నిద్ర పడతదారా?" అని జకర్యా ఫోను పెట్టేశాడు.

జూలై రెండో వారంలో ఎగువన వానలు పట్టాయి. గోదావరి రంగు మారింది. ఎర్రటి నీళ్లలో చెట్లు వేళ్లతో సహా కొట్టుకొస్తున్నాయి. రోజుకు మూడు రీడింగులు ఆరయ్యాయి. అదే వారంలో ఆయన బ్లెస్సీని మళ్లీ కొత్తగూడెం తీసుకుపోయాడు. ఈసారి మొదటి చోట జనం ఎక్కువగా ఉన్నారని పక్క సందులో ఇంకో చోట చూపించాడు. రిపోర్టులో తొమ్మిది అని ఉంది. కింద, పెద్ద దవాఖానాలో ఒకసారి చూపించుకోమని రాసి ఉంది.

బస్సులో ఆయన పుస్తకం తెరిచి ఐదు, ఆరు, నాలుగున్నర, తొమ్మిది చూసుకున్నాడు. ఆర్ అని రాస్తుంటే పెన్సిలు ముక్కు విరిగింది. రెండో హెచ్చరిక దాటింది. మూడోదానికి ఒక్క మిల్లీమీటరు. నాలుగు వారాల్లో నాలుగున్నర పెరిగితే, మిగిలింది ఎన్ని రోజులు? వారమంటే వారం. ఈలోపు ఏరు పొంగితే భద్రాచలం దారిలో వాగులు రోడ్డెక్కుతాయి. బయటపడే దారి ఉండదు. ఆయన కళ్ల ముందు ఏరు, కిడ్నీ ఒకే వేగంతో పెరుగుతున్నాయి.

భద్రాచలంలో బస్సు దిగి ఆటో ఎక్కారు. గుంతల రోడ్డు. సగం దారిలో బ్లెస్సీ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మామయ్యా, కడుపు గట్టిపడ్డది."

ఆటో ఆపించారు. వానలో పావుగంట ఆగారు. ఆమె పెదవి కొరుక్కుంటూ కళ్లు మూసుకుంది. జకర్యా చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఏం చూడాలో తెలియక చూస్తున్నాడు. కాసేపటికి కడుపు వదులైంది. ఇల్లు చేరేసరికి ఇంకొకసారి పట్టి వదిలింది.

ఊళ్లో ఆశా వర్కరు కన్నమ్మ వచ్చి, పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. దగ్గరి కోయగూడెం మనిషి. మొగమాటం లేదు.

"ఇప్పటికైతే తగ్గింది. ఎన్నిసార్లు తిప్పినవే తాతా?"

"నాలుగు."

"ఇంకొక్కసారి గిట్ల ఆటోల ఏసి కుదిపినవనుకో, కిడ్నీ సంగతి దేవుడెరుగు, నెలలు నిండకముందే కాన్పు అయితది. మంచం దిగొద్దు ఆమె."

కన్నమ్మ వెళ్లగానే జకర్యా అటక మీంచి సంచి దించాడు. ముత్యాలమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"యాడికి?"

"హైదరాబాద్. పొద్దున మొదటి బస్సు. వాగులు రాకముందే దాటాలె. తొమ్మిదున్నది ముత్యాలూ. పది దాటితే ఏం చేస్తవ్?"

"కన్నమ్మ చెప్పింది వినపడలేదా? నిన్ను గా గేజి స్తంభానికి కట్టెయ్యాలె. కడుపుల ఉన్నదాన్ని నువ్వే బయటికి గుంజేటట్టున్నవ్!"

"చూడకుండ ఊకుంటే ముంచుతది."

"నువ్వు చూసుడే ముంచుతున్నదయ్యా!"

లోపలి గదిలోంచి బ్లెస్సీ గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి ఉంది. "మామయ్యా, నిజం చెప్పండి. బిడ్డ దక్కుతదా?"

ఏదో ఒకటి చెప్పాల్సిన చోటు అది. నలభై ఏళ్లుగా ఊరందరికీ చెప్పిన అబద్ధాల్లో ఒక్కటి, అరముక్క, ఆ పిల్లకు పనికొచ్చేది. జకర్యా నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. సంచి అట్లాగే పట్టుకుని గోడ వంక తిరిగి కూర్చున్నాడు.

తెల్లారి ఆరుగంటల రీడింగుకు ఆయన సంచి భుజాన వేసుకునే ఒడ్డుకు పోయాడు. రీడింగు కాగానే బ్లెస్సీని తీసుకుని బస్సెక్కాలని. ఒడ్డున జంపయ్య ఉన్నాడు. వరద రోజుల్లో గేజి దగ్గర తోడు ఉండే పనివాడు, యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ల స్నేహం. నీళ్లు ఎనిమిదో స్తంభాన్ని పట్టుకున్నాయి. రీడింగు తీసే వేళకు సరిగ్గా సహాయక బృందం మోటారు పడవ ఒకటి రొద చేస్తూ ఒడ్డు వెంట దూసుకుపోయింది. లేచిన అల వచ్చి స్తంభాన్ని కొట్టింది.

"పదహారు పాయింట్ తొమ్మిది!" అని జంపయ్య పైకి కేకేశాడు.

జకర్యాకు ఒళ్లు మండింది. "అల మీద చదువుతవా? నీకెన్నిసార్లు చెప్పాలె? పడవ పోనియ్. నీళ్లు కుదురుకోనియ్. గదే స్తంభం, గదే మెట్టు, గదే కన్ను. అప్పుడు చదువు. నీ తొమ్మిది పట్టుకొని నేను భద్రాచలానికి చెప్తే ఊళ్లు ఖాళీ చేపిస్తరు."

జంపయ్య బీడీ వెలిగించుకున్నాడు. అల సద్దుమణిగింది. వంగి చూశాడు. "పదహారు పాయింట్ రెండు." తర్వాత ఏటి వంక చూస్తూనే అన్నాడు. "మరి కోడల్ని మూడూళ్లు తిప్పి, నాలుగు మిషన్ల మీద చదివినవ్ గదా అన్నా. గవి కుదురుకున్న నీళ్లా?"

"నీకేం తెలుసురా?"

"నాకేం తెల్వదు. లోపల పోరడో పోరియో ఉచ్చబట్టి ఉండొచ్చుగదా అంటున్న. గా డాక్టరమ్మ గదే చెప్పిందని నువ్వే నాకు చెప్పినవ్, మే నెలల."

జకర్యా అతని మీద విరుచుకుపడ్డాడు. గేజి చదవడం రానోడు స్కాన్ల గురించి మాట్లాడతాడా అన్నాడు. గంటసేపు అతనితో మాట్లాడలేదు. మొదటి బస్సు పోయింది. ఏడు గంటల రీడింగు తనే తీశాడు. ఆ అంకె రాసేటప్పుడు పుస్తకం గాలికి తిరగబడి చివరి పేజీ పడింది. భద్రాచలం, మణుగూరు, కొత్తగూడెం, మళ్లీ కొత్తగూడెంలోనే ఇంకో సందు. గేజి పుస్తకంలో ఎవడైనా ఒక రోజు దుమ్ముగూడెం అంకె, మర్నాడు ఎగువనున్న పేరూరు అంకె, ఆ మర్నాడు దిగువనున్న కూనవరం అంకె రాసి ట్రెండు పెడితే వాడి ఉద్యోగం తనే ఊడబీకించేవాడు. అట్లాంటి పేజీ తనే రాశాడు.

ఫోను తీసి డాక్టర్ ఫ్లోరెన్స్‌కు చేశాడు. ఆమె అంతా విని, మొదట కడుపు గట్టిపడిన సంగతే అడిగింది. తర్వాత అంది. "హైదరాబాద్ ప్రయాణం వద్దు. ఇక్కడికి పంపండి. వరద తగ్గేదాకా మా దగ్గరే ఉంటుంది. నింపాదిగా చూస్తాను. మీరు తిప్పకండి."

పది నిమిషాలకు కన్నమ్మ పరుగున వచ్చింది. వరద పెరుగుతోందని నెలలు నిండుతున్న ఆడవాళ్లందరినీ ముందే భద్రాచలం చేరుస్తున్నారట. ఎనిమిదింటికి జీపు. బ్లెస్సీని వెనక పరుపు వేసి పడుకోబెడతారు. ముత్యాలమ్మ వెంట ఉండొచ్చు. "ఇంకొక్కరికి జాగా ఉన్నది తాతా, వస్తవా?"

"నువ్వు పో అన్నా," అన్నాడు జంపయ్య. "నేను చదువుత. అల మీద చదవను, ఒట్టు."

జీపు వచ్చి ఒడ్డు దగ్గరే ఆగింది. వెనక తలుపులోంచి బ్లెస్సీ పాలిపోయిన మొహం కనిపించింది. జకర్యా సంచి ఇంకా భుజాన్నే ఉంది. ఎక్కితే రెండు గంటల్లో ఆ మిషను పక్కన నిలబడి ఉంటాడు. అంకె పడగానే చూస్తాడు. వెనక్కి తిరిగితే ఏరు. దిగువన భద్రాచలంలో ఎవరెవరు ఇళ్లు ఖాళీ చెయ్యాలో తేలేది ఈ స్తంభం మీది అంకెతోనే. అప్పుడే నీళ్లు ఇంకో గీత మింగాయి.

సంచి ముత్యాలమ్మ ఒళ్లో పెట్టాడు. "అక్కడ చదివేటోళ్లు ఉన్నరు," అన్నాడు. తర్వాత, కోడలితో కాకుండా జీపు టైరుతో చెబుతున్నట్టు, "మెల్లగ పోనియ్యండి" అన్నాడు.

తొమ్మిదింటికి పదహారు పాయింట్ తొమ్మిది. ఆర్. ఈసారి అల కాదు. పదింటికి పదిహేడు పాయింట్ నాలుగు. ఆర్. పది దాటాక వాగు రోడ్డెక్కిందని తెలిసింది. జీపు ఈలోపు దాటిందా లేదా చెప్పేవాడు లేడు. పదకొండింటికి ఫోను సిగ్నల్ పోయింది. ముత్యాలమ్మకు చేస్తే కుయ్యిమనే శబ్దం కూడా లేదు. ఇక మిగిలింది వైర్‌లెస్ సెట్టు ఒక్కటే. అందులో నీటి అంకెలు తప్ప ఇంకేం మాట్లాడకూడదు. భద్రాచలం సెట్టు దగ్గర కూర్చునే ఆదినారాయణ ఇరవై రెండేళ్లుగా జకర్యాతో రోజూ మాట్లాడుతున్నాడు, కానీ ఒక్కనాడూ "తిన్నవా" అని అడిగిన మనిషి కాదు. అంకెలే మాట్లాడతాడు, అంకెలే వింటాడు.

పన్నెండు. ఒకటి. రెండు. జకర్యా గంటకోసారి మెట్లు దిగుతాడు, వంగుతాడు, నీళ్లు కుదురుకునేదాకా ఆగుతాడు, రాస్తాడు, చెబుతాడు. మధ్యలో ఉన్న యాభై నిమిషాలు ఎట్లా గడపాలో తెలియదు. జీపు వాగులో ఆగిపోయినట్టు, కడుపు మళ్లీ గట్టిపడినట్టు, పది దాటినట్టు ఒకదాని మీద ఒకటి కళ్లకు కడుతున్నాయి. జంపయ్య రొట్టె ఇస్తే చేతిలో పట్టుకునే ఉన్నాడు, అది వానకు నానిపోయింది.

"ఒక కథ చెప్పన్నా," అన్నాడు జంపయ్య. "గా మొసలిది."

"మొసలి లేదు, ఏం లేదు," అన్నాడు జకర్యా.

జంపయ్య భయపడి మళ్లీ అడగలేదు.

నాలుగింటికి పందొమ్మిది పాయింట్ ఒకటి. జకర్యా లెక్క ప్రకారం ఈపాటికి స్కాను అయిపోయి ఉండాలి. అంకె ఎక్కడో ఒక కాగితం మీద ఉంది. తనకు తెలియనంత మాత్రాన అది మారదు. ఆ మాట తండ్రికి ఎవరూ చెప్పలేదు. చూసినా చూడకపోయినా ఆ ఏడడుగులు వచ్చేవే.

ఐదుకు ఐదు నిమిషాలుండగా సెట్టు గరగరలాడింది.

"దుమ్ముగూడెం, దుమ్ముగూడెం, భద్రాచలం."

"భద్రాచలం, దుమ్ముగూడెం. చెప్పండి." ఇంకా టైము కాలేదే అనుకున్నాడు జకర్యా.

"మెసేజ్ రాసుకోండి." ఆదినారాయణ గొంతు ఎప్పటిలాగే, ఎండిన కట్టెలాగే ఉంది. "స్టేషను, బ్లెస్సీ. ఎడమ కిడ్నీ. మధ్యాహ్నం రెండు గంటలకు, ఎనిమిది పాయింట్ ఐదు. రాశారా?"

జకర్యా చేతిలో పెన్సిలు కదల్లేదు. జంపయ్య దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"రాశారా, దుమ్ముగూడెం?"

"రాసిన."

"మూడు గంటల పది నిమిషాలకు. సదరు బిడ్డ... ఇక్కడ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాను... సదరు బిడ్డ ఉచ్చ పోసిన తర్వాత. అదే మిషను, అదే డాక్టరు. ఆరు పాయింట్ సున్నా. ట్రెండు, ఫాలింగ్. తల్లి క్షేమం. కడుపు మెత్తగా ఉన్నది. మేడమ్ గారి మాట, ఈ నెలకు ఏడులోపు ఉంటే భయం లేదు, పుట్టినాక ఒకసారి చూద్దాం. ఓవర్."

ముత్యాలమ్మ వానలో కరకట్ట మీద నడిచి, దారి అడుక్కుంటూ ఆ ఆఫీసుకు పోయి, బ్లెస్సీ రాసిచ్చిన చీటీని ఆదినారాయణ బల్ల మీద పెట్టి, చదివేదాకా కదలనని కూర్చుందట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ లైను మీద ఏటి పొడుగునా స్టేషన్లన్నీ ఉంటాయి. ఎగువనుంచి ఎవరో అడిగారు. "భద్రాచలం, రిపీట్ ప్లీజ్. ఏ నది అది?" దిగువనుంచి ఇంకెవరో నవ్వు ఆపుకోలేక, "మాకు ఎన్ని గంటలకు చేరుతది సార్ ఆ నీళ్లు?" అన్నారు.

"లైను క్లియర్ చెయ్యండి," అన్నాడు ఆదినారాయణ. తర్వాత, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, అంకె కాని మాట అన్నాడు. "జకర్యా, తిన్నవా?"

జకర్యా నానిపోయిన రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఆరు పాయింట్ సున్నాను ఎక్కడ రాశాడో చూసుకుంటే, చివరి పేజీలో కాదు, ఐదు గంటల గోదావరి గడిలో ఉంది. కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. మెట్లు దిగాడు. నీళ్లు కుదురుకునేదాకా ఆగాడు. పందొమ్మిది పాయింట్ రెండు.

ఏరు మర్నాడు పొద్దున దాకా పెరిగి, ఆగి, నింపాదిగా దిగింది. బ్లెస్సీ పదిరోజులు దవాఖానాలోనే ఉంది. జకర్యా వెళ్లి చూసి వచ్చాడు, కానీ స్కాను గది వైపు పోలేదు.

సెప్టెంబరు మూడో వారంలో ఆడపిల్ల పుట్టింది. వారానికి మళ్లీ స్కాను తీశారు. ఎడమ కిడ్నీలో కొంచెం నీరు ఇంకా ఉంది. "తక్కువే. మూడు నెలలకు ఒకసారి చూద్దాం. ఈలోపు జ్వరం వస్తే మాత్రం వెంటనే తీసుకురండి," అంది డాక్టర్ ఫ్లోరెన్స్. ముత్యాలమ్మ, బ్లెస్సీ, సుకుమార్ ముగ్గురూ జకర్యా వంక చూశారు.

"మూడు నెలలే గదా మేడమ్. మంచిది," అన్నాడు. చెయ్యి జేబుదాకా పోయింది. పుస్తకం మాత్రం బయటికి రాలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రం పిల్లను చూడ్డానికి జంపయ్య వచ్చాడు. జకర్యా మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బ్లెస్సీ గోడకు ఆనుకుని ఉంది. పిల్ల కాళ్లు ఆడించి, తాత పంచె మీద ధారగా పోసింది. ముత్యాలమ్మ గుడ్డ తేబోతే ఆయన వద్దన్నాడు.

"ఉండనియ్. నీకు తెల్వదు ముత్యాలూ, ఇది మామూలు నీళ్లు కాదు. మొన్న జూలైల, మూడు గంటల పది నిమిషాలకు ఇది కడుపుల ఉచ్చ పోసిందా? నా పుస్తకం చూడు. నాలుగింటికి పందొమ్మిది పాయింట్ ఒకటి, ఐదింటికి పందొమ్మిది పాయింట్ రెండు. ఎగువన గేట్లు ఎత్తలేదు. వాన లేదు. మరి గా నీళ్లు యాడివి?"

బ్లెస్సీ ఊపిరి బిగబట్టి వింటోంది.

"ఆ రోజంతా వాన కొట్టింది," అన్నాడు జంపయ్య. "పైగా భద్రాచలం మనకు దిగువన గదనే. పిల్ల ఆడ పోస్తే నీళ్లు ఈడికి ఎదురెక్కి వచ్చినయా?"

"గదే గదరా విచిత్రం!" జకర్యా కళ్లు మెరిశాయి. "ఎదురెక్కినయ్. నా కళ్లతోని చూసిన. ముందల మొసలి ఈదుకుంట వస్తున్నది, తొవ్వ ఇడువుండ్రి, దారియ్యుండ్రి అనుకుంట..."

బ్లెస్సీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో సుకుమార్‌కు అర్థం కాలేదు. ముత్యాలమ్మ పైకి చూసి, "ప్రభువా, ఈ ముసలోన్ని క్షమించు," అని, కంచాలు పెట్టడానికి లోపలికి పోయింది.